చెప్పులాంటి పగడం కాల్సియోలా: తరచుగా అడిగే ప్రశ్నలు

శిలాజాల పెట్టెలో ఈ రాయిని చూసిన వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దీన్ని గవ్వ అనో, ఆల్చిప్ప అనో అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నిలబెట్టిన లిన్నేయస్ కూడా ఇక్కడే కాలు జారాడు. ఈ పగడం గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి. కొన్నిటికి రెండు ముక్కలు చాలు. మూత, లోపలి పలకల సంగతి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, అసలు విషయమంతా అక్కడే ఉంది.

కాల్సియోలా అంటే ఏమిటి?

కోట్ల సంవత్సరాల కిందట అంతరించిపోయిన ఒంటరి పగడం. పూర్తి పేరు కాల్సియోలా సాండలినా. డెవోనియన్ కాలపు సముద్రాల్లో, ముఖ్యంగా సుమారు 39 కోట్ల సంవత్సరాల కిందట, లోతు తక్కువగా ఉన్న బురద అడుగుల మీద బతికింది. సాధారణంగా కొన్ని సెంటీమీటర్ల పొడవు, అరచేతిలో ఇమిడిపోతుంది. మెత్తని శరీరం ఏనాడో కుళ్లిపోయింది, మనకు మిగిలింది అది కట్టుకున్న సున్నపు గూడు మాత్రమే.

ఆ పేరెక్కడిది?

లాటిన్‌లో కాల్సియోలస్ అంటే చిన్న చెప్పు. సాండలినా అన్నా చెప్పుకు సంబంధించిన మాటే. అంటే ప్రజాతి పేరూ చెప్పే, జాతి పేరూ చెప్పే. రాయిని చదునుగా ఉన్న వైపు బల్ల మీద ఆనించి చూడండి, ముందు మొన తేలి, పైన ఉబ్బి, వెనక తెరుచుకుని అచ్చం పాదరక్షలా ఉంటుంది. వేళ్లు దూరే భాగం మూసి, మడమ వైపు తెరిచి ఉండే రకం ఉంటుంది చూడండి, అదన్నమాట. పేరు పెట్టినవాళ్లు పెద్దగా ఆలోచించి ఉండరు. చూసిందే రాశారు.

పగడం అంటే కొమ్మలు కొమ్మలుగా, గుంపుగా ఉండాలి కదా?

పగడం అనగానే మనకు గుర్తొచ్చేవి వేలాది చిన్న జీవులు ఒకదానికొకటి అంటుకుని కట్టిన దిబ్బలు. ఆ ఒక్కో చిన్న జీవిని పాలిప్ అంటారు. మెత్తని గొట్టంలాంటి ఒళ్లు, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు, అంతే దాని నిర్మాణం. గుంపు కట్టే పగడంలో ఒక పాలిప్ చీలో, మొగ్గ తొడిగో పక్కన ఇంకోదాన్ని పుట్టిస్తుంది. ఒంటరి పగడంలో ఆ పని జరగదు. ఒక పాలిప్, ఒక గూడు, ఒక జీవితం.

ఇలాంటివి ఈరోజుకీ ఉన్నాయి. వెలుతురు చేరని లోతుల్లో కారియోఫిల్లియా, ఫ్లాబెల్లమ్ లాంటి గిన్నె పగడాలు ఒంటరిగానే బతుకుతాయి. లోతు తక్కువ నీళ్లలో పుట్టగొడుగు పగడం అని పిలిచే ఫంగియా ఉంది. కాబట్టి ఒంటరితనం వింతేమీ కాదు. కాల్సియోలాలో వింత వేరే చోట ఉంది.

బయటి ఆకారం ఎలా గుర్తుపట్టాలి?

దాని కాలంలో బతికిన ఒంటరి పగడాలు ఎక్కువగా కొమ్ములా ఉంటాయి, అందుకే వాటిని కొమ్ము పగడాలంటారు. మొన సన్నగా మొదలై, పైకి పోనుపోను వెడల్పవుతూ, చివర గుండ్రటి గిన్నెతో ముగుస్తుంది. కాల్సియోలా కూడా ఆ కొమ్మే, కాకపోతే ఒక వైపు ఎవరో ఒత్తి చదును చేసినట్టుంటుంది. గిన్నె అంచును ఎదురుగా పట్టుకుని చూస్తే గుండ్రంగా కాకుండా సగం చందమామలా కనబడుతుంది. ఒక పక్క గీత గీసినట్టు నిటారు అంచు, దాని మీద విల్లులా వంగిన మిగతా అంచు. చదును ముఖం ఉబ్బిన ముఖాన్ని కలిసే చోట రెండు పక్కలా మూలలు తేలి ఉంటాయి.

బయటి పొర మీద అడ్డంగా ముడతలు, వాటి మధ్య ఇంకా సన్నని గీతలు ఉంటాయి. ఈ పగడాల పెద్ద సమూహానికి రుగోజా అనే పేరు వచ్చింది ఈ ముడతల వల్లే. లాటిన్‌లో ఆ మాటకు ముడతలు పడినది అని అర్థం. ఈ పొరనే ఎపిథీకా అంటారు.

మూత సంగతేమిటి?

ఇదే దీని ప్రత్యేకత. ఆ సగం చందమామ ఆకారపు గిన్నెకు సరిగ్గా సరిపోయే రాతి మూత ఒకటి ఉండేది. శాస్త్రంలో దాన్ని ఒపర్క్యులం అంటారు. నిటారు అంచు దగ్గర బందు వేసిన తలుపులా ఆని ఉండేది.

మూతను విడిగా చేతిలోకి తీసుకుంటే మొదట కనిపించేది దాని మందం. పల్చటి రేకులా కాకుండా గట్టి సున్నపు దిమ్మలా ఉంటుంది. బయటి ముఖం మీద పెరుగుదల గీతలు, అంటే జీవి పెద్దదవుతున్న కొద్దీ మూత కూడా అంచుల దగ్గర పొర మీద పొరగా పెరిగిందన్నమాట. తిప్పి లోపలి ముఖం చూడండి. బందు అంచు నుంచి ఎదుటి అంచు వైపు వరసగా గట్లు సాగుతాయి, నడిమధ్యది మిగతావాటికన్నా స్పష్టంగా లేచి ఉంటుంది. గిన్నె నిటారు అంచు లోపల కూడా దానికి జోడీగా గట్లూ గుంటలూ ఉంటాయి. మూత పెడితే ఇవి ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, మూత పక్కకు జారదు. మొదటిసారి విడి మూతను గిన్నె మీద ఆనించి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. 39 కోట్ల ఏళ్ల తర్వాత కూడా డబ్బా మూతలా టక్కున కూర్చుంది.

జీవి చనిపోయాక మెత్తని కణజాలం పోతుంది, మూత విడిపోతుంది. అందుకే మూత లేని గిన్నెలే ఎక్కువగా దొరుకుతాయి. రెండూ కలిసి మూసుకున్న స్థితిలో దొరికితే అది బతికుండగానో, చనిపోయిన వెంటనేనో బురదలో కూరుకుపోయి ఉంటుంది.

మూతను ఎలా తెరిచేది, ఎలా మూసేది?

ఆల్చిప్పల్లో చిప్పలను లాగి పట్టే దళసరి కండరాలుంటాయి, అవి అతుక్కున్న చోట చిప్ప లోపల మచ్చలు మిగులుతాయి. కాల్సియోలాలో అలాంటి మచ్చలు లేవు. పగడపు పాలిప్‌కు ఆ రకం కండరాలు ఉండవు కూడా. దాని శరీరం లోపలి తెరల వెంట కండర పట్టీలుంటాయి, వాటిని ముడిచి అది గూట్లోకి కుంచించుకుపోతుంది. నేటి పగడాలను ముట్టుకుంటే జరిగేది ఇదే. మూత లోపలి ముఖం మీద జీవి సున్నం పేర్చింది కాబట్టి అక్కడి దాకా మెత్తని కణజాలం ఉండేదన్నది ఖాయం. ఒళ్లు ముడిచినప్పుడు మూత దించుకుని, నీటితో ఉబ్బినప్పుడు పైకి నెట్టి ఉంటుందన్నది సబబైన ఊహ. అంతకు మించి ఎవరైనా వివరంగా బొమ్మ గీస్తే అందులో చిత్రకారుడి కల్పన కొంత ఉందనుకోండి.

మూతతో ఏం లాభం?

బురద నీటిలో బతికే జీవికి ఆ నీరు కదిలినప్పుడల్లా నోట్లో మట్టి పడే ప్రమాదం ఉంది. కొరికే జీవుల బెడద సరేసరి. మూత రెండిటికీ పనికొస్తుంది. నా మటుకు నాకు మట్టి కారణమే బలంగా అనిపిస్తుంది, ఇవి దొరికే రాళ్లు చాలావరకు బంకమట్టి కలిసిన మెత్తని పొరలు కాబట్టి.

గూటి లోపల ఏముంటుంది?

ముందు మామూలు కొమ్ము పగడం సంగతి చెప్పుకుందాం, అది అర్థమైతే కాల్సియోలా తేలిక.

కొమ్మును అడ్డంగా కోసి నునుపు పట్టిస్తే చక్రం ఆకుల్లా అంచు నుంచి మధ్యకు వచ్చే నిలువు పలకలు కనిపిస్తాయి. వీటిని సెప్టా అంటారు. పాలిప్ అడుగు భాగం ముడతలు పడి, ఆ ముడతల్లో సున్నం పేరుకోవడం వల్ల ఏర్పడతాయి. పొడుగువీ పొట్టివీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అదే కొమ్మును ఇప్పుడు నిలువునా కోయండి. మేడ అంతస్తుల్లా అడ్డ పలకలు కనిపిస్తాయి, వీటి పేరు టాబ్యులా. పాలిప్ పైకి పెరుగుతూ, కింద ఖాళీ అయిన గదిని మూసేస్తూ వచ్చిందనడానికి అవి గుర్తులు. జీవి ఎప్పుడూ పై అంతస్తులోనే కాపురం. అంచుల దగ్గర బుడగలు పేర్చినట్టు వంపు తిరిగిన చిన్న పలకలు ఉంటే అవి డిసెపిమెంట్లు. కొన్ని ప్రజాతుల్లో నట్టనడుమ ఒక స్తంభం కూడా లేస్తుంది, లోఫోఫిల్లిడియంలో అది బాగా కనబడుతుంది.

ఏ ప్రజాతిలో ఏది ఎక్కువ, ఏది లేదు అన్నదాన్ని బట్టే పేరు తేలుతుంది. హీలియోఫిల్లమ్‌లో సెప్టా పక్కల నుంచి చిన్న అడ్డుపుల్లలు పొడుచుకొస్తాయి. సిస్టిఫిల్లమ్‌లో సెప్టా దాదాపు మాయమై గూడంతా బుడగలమయం. బయటి నుంచి చూస్తే రెండూ కొమ్ములే.

ఇక కాల్సియోలా. దీన్ని కోస్తే మొదట నిరాశ కలుగుతుంది. చక్రం ఆకులూ లేవు, అంతస్తులూ లేవు. సెప్టా పొట్టిగా, లావుగా, ఒకదానికొకటి ఒరుసుకుని గోడలో కలిసిపోయి ఉంటాయి. గిన్నె లోతైనది, దాని కింద మిగిలిన భాగం దాదాపు గట్టి సున్నంతో పూడిపోయి ఉంటుంది. గిన్నె లోపలి గోడ మీద సన్నని గట్ల వరస మాత్రం పరీక్షగా చూస్తే కనబడుతుంది. అవే సెప్టా అంచులు. వాటిని పట్టించుకోకపోవడం వల్లే ఇది పగడమని తెలియడానికి అంతకాలం పట్టింది.

సెప్టా పుట్టే వరస గురించి అంత పట్టింపు ఎందుకు?

రుగోజా పగడాలకు అదే వేలిముద్ర. 1869లో జర్మన్ శాస్త్రవేత్త కున్త్ ఈ క్రమాన్ని వివరించాడు, ఇప్పటికీ కున్త్ నియమం అనే అంటారు.

మొన దగ్గర, జీవి పసితనంలో, ముందు ఒకే పలక గిన్నెను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రెండుగా విడదీస్తుంది. తర్వాత అది మధ్యలో తెగి రెండవుతుంది. ఒక కొసను కార్డినల్ సెప్టమ్ (సెప్టాకు ఏకవచనం సెప్టమ్) అనీ, దాని ఎదుటిదాన్ని కౌంటర్ సెప్టమ్ అనీ అంటారు. ఆపైన కార్డినల్‌కు రెండు పక్కలా ఒక జత పుడుతుంది, వాటి పేరు అలార్. కౌంటర్‌కు రెండు పక్కలా ఇంకో జత. మొత్తం ఆరు. ఆరు పలకల మధ్య ఆరు ఖాళీలున్నాయి కదా, కొత్త పెద్ద పలకలు ఆరిట్లోనూ పుట్టాలని మనం అనుకుంటాం. పుట్టవు. నాలుగు చోట్లే పుడతాయి. కార్డినల్‌కు అటూ ఇటూ, ఒక్కో అలార్ పలకకు కౌంటర్ వైపున. కౌంటర్‌కు ఆనుకుని ఉన్న రెండు ఖాళీలూ పెద్ద పలకల వరకు ఖాళీగానే మిగిలిపోతాయి.

కాగితం మీద ఒక గుండ్రం గీసి, గడియారంలో పన్నెండు దగ్గర కౌంటర్, ఆరు దగ్గర కార్డినల్ పెట్టుకుని మిగతావి నింపుతూ పోండి. రెండు నిమిషాల్లో తలకెక్కుతుంది. కేవలం చదివితే తలనొప్పి వస్తుంది.

బయటి పొర కాస్త అరిగిన కొమ్ము పగడం దొరికితే కోయకుండానే ఈ క్రమం చూడొచ్చు. పక్క ముఖాల మీద గీతలన్నీ నిలువుగా పోకుండా, ఈకకు రెండు పక్కలా కుచ్చుల్లా కొన్ని గీతలు ఏటవాలుగా వచ్చి నడిమి గీతను కలుస్తాయి.

నాలుగు చోట్ల పుడితే వీటిని చతుష్క పగడాలు అనొచ్చా?

అన్నారు కూడా. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ వీటికి టెట్రాకొరాలియా అని, అంటే నాలుగు లెక్కన నడిచే పగడాలని పేరు పెట్టాడు. మొదలు ఆరుతో అవుతుంది, తర్వాత నాలుగుతో నడుస్తుంది. అందువల్ల ఆ పేరు సగం నిజమే చెబుతుంది. 1850లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు మిల్న్ ఎడ్వర్డ్స్, హేమ్ పెట్టిన రుగోజా అన్న పేరే నిలబడింది.

ఇంత స్పష్టమైన పగడాన్ని గవ్వ అని ఎలా అనుకున్నారు?

మూత వల్ల. రెండు ముక్కలు, మధ్యలో బందు, ఎడమ సగం కుడి సగం అద్దంలో చూసినట్టు ఒకేలా. ఇవన్నీ బ్రాకియోపొడా అనే చిప్పజీవుల లక్షణాలు. పగడానికి మూత ఉంటుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

లిన్నేయస్ 1771లో దీన్ని అనోమియా అనే ప్రజాతిలో చేర్చాడు. ఆ రోజుల్లో ఆయన అనోమియా ఒక గంపలాంటిది, ఇవాళ మనం బ్రాకియోపొడా అనేవాటిలో చాలా అందులోనే పడ్డాయి. ఇక్కడో చిత్రముంది. లిన్నేయస్‌కు శిలాజ పగడాలు కొత్త కాదు. 1741లో స్వీడన్‌లోని గోట్లాండ్ దీవి తిరిగి వచ్చాడు, 1745లో ఆయన శిష్యుడు సమర్పించిన సిద్ధాంత గ్రంథం బాల్టిక్ పగడాల మీదే. అయినా మూత చూడగానే మనసు చిప్పల వైపే పోయింది.

1799లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ దీనికి కాల్సియోలా అని సొంత ప్రజాతి ఇచ్చాడు. పేరు మారింది గానీ చిప్పల మధ్య నుంచి బయటికి రాలేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా బ్రాకియోపొడాల పట్టికల్లోనే తిరిగింది. దారి మార్చినవాడు స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ లిండ్‌స్ట్రోమ్. గోట్లాండ్‌లో, డెవోనియన్‌కు ముందరి సైలూరియన్ కాలపు రాళ్లలో అనుమానం లేకుండా పగడాలైనవాటికి మూతలు ఉండటం ఆయన గమనించాడు. 1860ల నడుమ అది ప్రచురించాక లెక్క తిరగబడింది. మూత ఉంది కాబట్టి చిప్ప అనే వాదన కూలిపోయింది. పగడాలకూ మూతలుంటాయని తేలాక, కాల్సియోలా గిన్నెలోని గట్లను సెప్టాగా చదవడం కష్టం కాలేదు.

దీనికి తిరుగు పొరపాటు ఎప్పుడైనా జరిగిందా, అంటే చిప్పను పగడమనుకోవడం?

జరిగింది. డెవోనియన్ తర్వాత చాలాకాలానికి వచ్చిన పెర్మియన్ కాలపు రిక్తోఫెనియా అనే బ్రాకియోపొడా ఉంది. కింది చిప్ప కొమ్ము పగడంలా పెరిగి, పై చిప్ప మూతలా కూర్చుంటుంది. సాల్ట్ రేంజ్ అనే ఉప్పు కొండల ప్రాంతం నుంచి, అప్పటి పంజాబ్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) నుంచి, వచ్చిన నమూనాను బెల్జియం శాస్త్రవేత్త డి కోనింక్ 1863లో వర్ణించాడు. ఏ ప్రజాతిలో పెట్టాడనుకుంటున్నారు? అనోమియాలోనే. తర్వాతివాళ్లు దానికి పగడాలతో చుట్టరికం ఉందేమోనని చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. ఒకటి చిప్ప వేషం వేసిన పగడం, ఇంకొకటి పగడం వేషం వేసిన చిప్ప. రెండూ అనోమియా గడప తొక్కి వచ్చినవే.

డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు రూడిస్టులు కూడా ఇదే కొమ్మూ మూత పద్ధతిలో పెరిగాయి, అవి ఆల్చిప్పల కుటుంబీకులు. మెత్తని అడుగు మీద కదలకుండా బతకాల్సి వచ్చినప్పుడు మూడు వేర్వేరు వంశాలు ఒకే ఉపాయానికి చేరుకున్నాయి.

ఇప్పుడు వర్గీకరణలో దీని చోటు ఏది?

వర్గం నిడేరియా, అంటే జెల్లీచేపలు, సముద్ర పుష్పాలు ఉండే వర్గమే. విభాగం ఆంథోజోవా. అందులో రుగోజా. కుటుంబం గోనియోఫిల్లిడే. ప్రజాతి కాల్సియోలా, జాతి సాండలినా. ఇంతవరకు గొడవ లేదు.

గొడవంతా కుటుంబానికీ రుగోజాకూ మధ్య ఏం పెట్టాలన్న దగ్గర. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డొరొతీ హిల్ 1981లో కూర్చిన పెద్ద వర్గీకరణలో ఈ కుటుంబం సిస్టిఫిల్లిడా అనే క్రమంలో ఉంది, పైన చెప్పిన బుడగల సిస్టిఫిల్లమ్ ఉన్న క్రమమే. మూత ఉన్నవాటన్నిటినీ వేరే గుంపుగా విడదీయాలన్నవాళ్లూ ఉన్నారు. రుగోజాను ఉపవిభాగం అనాలా, క్రమం అనాలా అన్నది కూడా పుస్తకాన్ని బట్టి మారుతుంది. రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారుపడకండి, రాయి మారలేదు, అరలు మారాయి.

మూతను మరీ నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఒకసారి ఆ మూతే మనల్ని తొంభై ఏళ్లకు పైగా పక్కదారి పట్టించింది. దాన్ని ఆధారంగా తీసుకోవాల్సిందే, కానీ లోపలి నిర్మాణంతో కలిపి.

దగ్గరి బంధువులు ఎవరు?

సైలూరియన్ కాలపు గోనియోఫిల్లమ్ పిరమిడాలె చూడముచ్చటైనది. నాలుగు పలకల పిరమిడ్‌ను తలకిందులు చేసినట్టుంటుంది, గిన్నె చతురస్రం. మూత ఒకటి కాదు, నాలుగు ముక్కలు, ఒక్కో అంచు నుంచి ఒక్కోటి వాలుతుంది. పెట్టె మూతలను నాలుగు వైపుల నుంచి మడిచినట్టన్నమాట. ఇంకోటి రైజోఫిల్లమ్. ఇది కాల్సియోలాలాగే ఒక వైపు చదును, ఒకే మూత, అదనంగా గట్టి వస్తువును పట్టుకోవడానికి వేళ్లలాంటి పోగులు. రెండూ గోట్లాండ్‌లో దొరుకుతాయి.

మూత అనే ఆలోచన పగడాల ప్రపంచంలో పూర్తిగా చచ్చిపోలేదు. నేటి లోతు సముద్రపు ప్రిమ్నోయిడ్ మెత్తపగడాల పాలిప్‌లు ఎనిమిది పొలుసులను గోపురంలా మూసుకుని దాక్కుంటాయి. కానీ అవి చాలా దూరపు చుట్టాలు, ఆ మూత వాటి సొంత సంపాదన.

నేటి పగడాలు వీటి వారసులేనా?

కాదనే చెప్పాలి. నేటి రాతి పగడాలు స్క్లెరాక్టీనియా. వాటి గూడు అరగోనైట్, రుగోజాలది కాల్సైట్. రెండూ కాల్షియం కార్బొనేట్ అయినా స్ఫటిక నిర్మాణం వేరు. స్క్లెరాక్టీనియాలో కొత్త పలకలు ఆరు ఖాళీల్లోనూ సమానంగా పుడతాయి, నాలుగు చోట్ల నియమం లేదు. కాలం కూడా కుదరదు. రుగోజాలు సుమారు 25.2 కోట్ల సంవత్సరాల కిందట పెర్మియన్ చివరి మహావినాశనంలో అంతరించాయి, స్క్లెరాక్టీనియా శిలాజాలు బాగా కనబడేది ఆ తర్వాత ట్రయాసిక్ మధ్యలోనే. స్కాట్లాండ్‌లో, సైలూరియన్‌కన్నా ముందరి ఆర్డోవిషియన్ కాలపు రాళ్లలో దొరికిన కిల్బుకోఫిల్లమ్‌కు స్క్లెరాక్టీనియా తరహా పలకల వరస ఉంది. గూడు కట్టని మెత్తని పూర్వీకుల నుంచి రెండు వంశాలూ వేర్వేరుగా వచ్చాయన్న ఆలోచనకు అది బలం.

కాల్సైట్ కావడం మనకు మాత్రం కలిసొచ్చింది. అరగోనైట్ కాలం గడిచేకొద్దీ కరిగిపోతుంది, లేదా మారిపోతుంది. కాల్సైట్ ఓర్చుకుంటుంది. కోట్ల ఏళ్ల నాటి గూటిలో వెంట్రుక మందం వివరాలు కూడా నిలిచి ఉండటానికి అదే కారణం.

ఎక్కడెక్కడ దొరుకుతుంది?

పేరుమోసిన చోటు జర్మనీలోని ఐఫెల్ కొండలు. డెవోనియన్ మధ్యభాగంలో మొదటి దశకు ఐఫెలియన్ అనే పేరు ఆ కొండల నుంచే వచ్చింది. బెల్జియంలో ఆర్డెన్, ఇంగ్లండ్‌లో డెవన్, మొరాకో ఇంకొన్ని చోట్లు. ఒకప్పుడు జర్మన్ భూశాస్త్రవేత్తలు కొన్ని పొరలను ఏకంగా కాల్సియోలా పలకరాళ్లు అనే పిలిచేవారు, అంత విరివిగా దొరికేది. పొర వయసు చెప్పడానికి ఇలాంటి శిలాజం చాలా అనువైనది. సులువుగా గుర్తుపట్టగలం, చాలా దేశాల్లో దొరుకుతుంది, బతికిన కాలం మరీ సాగదు.

సముద్రం అడుగున ఎలా ఉండేది?

మామూలు కొమ్ము పగడానికి ఎప్పుడూ ఉండే బాధ పడిపోవడం. మొన చిన్న చిప్పముక్కకో రాతికో అంటుకుని పెరుగుతుంది, బరువెక్కగానే ఒరిగిపోతుంది, పాలిప్ మళ్లీ పైకి, నీటి వైపు తిరిగి పెరుగుతుంది. కొమ్ము వంకరకు అదే ముఖ్య కారణం. రెండు మూడు సార్లు పడి లేచినవి పాములా మెలికలు తిరిగి ఉంటాయి.

కాల్సియోలా ఈ బాధను ముందే తప్పించుకుంది. చదును ముఖం మంచు మీద జారే బండిలా బరువును వెడల్పుగా పరుస్తుంది, మెత్తని బురదలో దిగబడదు, దొర్లదు. చదును ముఖం కింద, ఉబ్బు పైన, మూత వాలుగా తెరుచుకునే ఈ భంగిమ ఆకారానికి చక్కగా కుదురుతుంది.

తిండి విషయం మిగతా పగడాల్లాగే, స్పర్శకాలతో నీటిలో తేలే చిన్న జీవులను పట్టుకోవడం.

పగడాన్ని చూసి ఆనాటి రోజు పొడవు చెప్పొచ్చంటారు, నిజమేనా?

నిజమే. కాకపోతే ఈ కథలో నాయకులు కాల్సియోలా కాదు, దాని కాలపు ఇతర పగడాలు. 1963లో జాన్ వెల్స్ హీలియోఫిల్లమ్ లాంటి మధ్య డెవోనియన్ పగడాల బయటి పొర మీద సన్నని గీతలు లెక్కపెట్టాడు. ఒక్కో గీత ఒక్కో రోజుది అనుకుంటే, ఏడాదికి గుర్తుగా ఉన్న పెద్ద ముడతల మధ్య 385 నుంచి 410 దాకా, సుమారుగా 400 వచ్చాయి. ఏడాదికి 400 రోజులంటే రోజుకు దాదాపు 22 గంటలు. మరుసటి ఏడాది కోలిన్ స్క్రటన్ గీతల గుంపులను లెక్కించి నెలకు సగటున 30.6 రోజులు, ఏడాదికి 13 చాంద్రమాసాలు అని చెప్పాడు. రెండూ గుణిస్తే మళ్లీ 400 దరిదాపులకే వస్తాయి.

చంద్రుడి వల్ల పుట్టే ఆటుపోట్లు భూభ్రమణాన్ని నెమ్మదిగా బ్రేకు వేసినట్టు తగ్గిస్తున్నాయని ఖగోళశాస్త్రం ముందే చెప్పింది, పగడాలు సాక్ష్యం పలికాయి. గీతలు లెక్కపెట్టడంలో మనిషి మనిషికీ తేడా వస్తుంది, పొర చెక్కుచెదరకుండా ఉన్న నమూనాలు అరుదు. అయినా ముడతలు పడిన రాయి చేతిలో పట్టుకుని ఈ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కోసి చూడాలంటే ఎలా?

ముందు కోయకుండా ఫొటోలు, కొలతలు తీసుకోండి. తర్వాత వజ్రపు అంచున్న రంపంతో అడ్డంగా కోసి, సన్నని గరుకు పొడితో నునుపు చేయాలి. పలుచన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్ది క్షణాలు ముంచితే కాల్సైట్ కరిగి నిర్మాణం స్వల్పంగా ఉబ్బెత్తుగా తేలుతుంది. కడిగి ఆరబెట్టి, అసిటోన్ పోసి, పైన అసిటేట్ పొర పరిచి, ఆరాక ఒలిచేస్తే ఆ ముఖం అచ్చు పొర మీదికి వస్తుంది. మళ్లీ కొంచెం అరగదీసి ఇంకో అచ్చు. ఇలా మొన నుంచి గిన్నె దాకా వరసగా తీస్తే జీవి బాల్యం నుంచి ముసలితనం వరకు చూడొచ్చు. సూక్ష్మదర్శినికి పనికొచ్చే పల్చటి రాతి ముక్క కావాలంటే 30 మైక్రాన్ల (0.03 మిల్లీమీటర్ల) మందానికి అరగదీస్తారు, అది ప్రయోగశాల పని. ఆమ్లం, అసిటోన్ రెండూ గాలి ఆడే చోటే వాడండి, నిప్పు దగ్గర అసలు వద్దు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదటి నమూనాకు మొన కాస్త వంకరగా ఉందని చదును చేయడానికి రెండు మిల్లీమీటర్లు అరగదీసి పారేశాను. ఆరు మొదటి పలకలు పుట్టిన వరస ఉండేది సరిగ్గా ఆ రెండు మిల్లీమీటర్లలోనే.

దొరికితే తీసుకోవచ్చా?

చోటును బట్టి. అమెరికాలో డెవోనియన్ పగడాలు నేల పరిచినట్టు కనిపించే ఫాల్స్ ఆఫ్ ది ఒహాయోలో ఆ నేల మీద నుంచి శిలాజాలు తీయడం నిషేధం. ప్రైవేటు క్వారీల్లో యజమాని అనుమతి కావాలి. తీసుకున్నా, కొన్నా, ఏ ఊరి దగ్గర ఏ పొరలో దొరికిందో చీటీ రాసి జత చేయండి. చీటీ లేని కాల్సియోలా అందమైన రాయి, చీటీ ఉన్నది ఆధారం.

ఎందుకు అంతరించింది?

డెవోనియన్ మధ్యభాగం దాటాక ఇది దాదాపు కనబడదు. ఆ కాలం చివర్లో సముద్రాల్లో ఆక్సిజన్ తగ్గి పగడపు దిబ్బలు కుప్పకూలాయి. సుమారు 37.2 కోట్ల ఏళ్ల కిందటి ఆ దెబ్బకు లోతు తక్కువ నీళ్లలోని రుగోజాలు చాలావరకు పోయాయి. కాల్సియోలా అప్పటికే రంగం వదిలేసింది. దాని పోకను ఆ విపత్తుకు అంటగట్టే కథనాలు కనిపిస్తే తేదీలు సరిచూసుకోండి.

విడిగా ఒక మూత దొరికింది. అది కాల్సియోలాదేనా, ఏ గిన్నెదో తెలుస్తుందా?

సగం చందమామ ఆకారం, నిటారు అంచు, లోపల గట్లు, మధ్య గట్టు పెద్దది. ఈ నాలుగూ ఉంటే దానిదే. మూత వెడల్పును బట్టి గిన్నె ఎంత పెద్దదో అంచనా వేయొచ్చు, అక్కడితో ఆగాలి. ఒకే పొరలో పదుల గిన్నెలు, పదుల మూతలు కలిసి దొరికినప్పుడు సైజు కుదిరిందని ఒకదాని మీద ఒకటి అతికించి జత అని చెప్పడం మోసం కిందికే వస్తుంది. అమ్మకానికి వచ్చే మూసి ఉన్న నమూనాల్లో బందు అంచు వెంట భూతద్దంతో చూడండి. అసలుదైతే ఆ సందులో కూడా చుట్టూ ఉన్న రాయి రంగు మట్టే గట్టిపడి ఉంటుంది. జిగురైతే మెరుస్తుంది.